పెన్నుతోని రాసిన పడవలు

రజని వాళ్ల బాపూ,

అన్నం కుక్కర్ల ఉన్నది. పప్పుచారు వేడి చేసుకో. మాపటికి కోళ్లను గంప కింద కమ్ము. నేను పెగడపల్లి మా చెల్లెలింటికి పోతున్న.

అండమాన్ టూరు కాయితం మీద నువ్వు పెన్సిలుతోని కొట్టేసిన పడవలన్నీ పెన్నుతోని మళ్ల రాసిన. మూడు రోజులల్ల ఉరికి వచ్చుడు నాతోని కాదు. పదొద్దులు, దీవి నుంచి దీవికి పడవలనే మెల్లగ పోవాలె. వచ్చేటప్పుడు జగిత్యాలల రెండు టికెట్లు చేపిచ్చుకొనే వస్త.

ఈత రానిదానికి సముద్రం మీద ఏం పని అన్నవు గద? నెల సంది పెగడపల్లికి ఎందుకు పోతున్ననో ఒక్కనాడన్న అడిగినవా? చెల్లె వాళ్ల బాయిల నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చుకున్న. మొన్న ఐతారం బెండు లేకుంటనే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన.

– లీల

బెండు పారెయ్యలే. ఇగ మనింట్ల ఈత రానిది నీకొక్కనికే. నీ సంచిల పెట్టిన.