ఉప్పు రాక్షసులూ, నలుగురు చేతకాని రాజులూ

కోడూరు,
జూలై 8.

గుడివాడ మట్టికోట గేమ్స్ వారికి,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఆటే కులాసాగా లేదు.

నా పేరు శోభనాద్రి. దివిసీమ కరకట్ట మీద ముప్పై నాలుగేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మీ ‘పంచరాజ్యాలు’ ఆటను విడుదలకు ముందే ఆడి తప్పులు చెప్పడానికి పదిమంది కావాలని చల్లపల్లి బస్సులో మీరు అంటించిన కాగితం చూసి చేరాను. ఫిర్యాదుకని ఆటలో మీరిచ్చిన గడిలో నూట అరవై అక్షరాలే పడుతున్నాయి. అంత పొదుపుగా తిట్టడం నాకు చేతకాదు. అందుకే పోస్టులో పంపుతున్నాను.

ఐదు రాజ్యాల్లో ఒకటి నాది, నాలుగు కంప్యూటర్‌వి. పదో టర్నులో సముద్రంలోంచి ఉప్పు రాక్షసులు గట్టు తెంచుకుని వస్తారని మొదట్లోనే రాసి ఉంది. మరి మీ నలుగురు రాజులకూ చదువు రాదా? రాక్షసులు గట్టెక్కుతుంటే పసుపు రాజూ, ఎర్ర రాజూ ఒక గొర్రెల దొడ్డి కోసం కొట్టుకుంటున్నారు. నీలం రాజు గుడి కట్టుకుంటున్నాడు. ఆకుపచ్చ రాజు ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు. పన్నెండో టర్నుకు నలుగురూ చచ్చారు. ఓడించడానికి ఎవరూ మిగలక నేను గెలిచాను. ఈ గెలుపుకంటే అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకోవడం నయం.

ఇట్లు,
శోభనాద్రి

తా.క.: ఆకుపచ్చ రాజును చూస్తే ఒకప్పటి మా ఇంజనీరు, ఏఈగారు గుర్తొచ్చారు. వరదప్పుడు ఆయన కూడా నీటికి వీపు పెట్టి నిలబడేవారు.


గుడివాడ,
జూలై 15.

శోభనాద్రి గారికి నమస్కారాలు.

కరెంటు బిల్లు కాకుండా మా ఆఫీసుకు పోస్టులో వచ్చిన మొదటి కాగితం మీదేనండీ. అందుకే అదే దారిలో జవాబిస్తున్నాను. ఆ నలుగురు రాజుల బుర్రలూ రాసింది నేనే. వాళ్లకు చదువు రాదన్న సంగతి మీరు మరికొంచెం మెత్తగా చెప్పవచ్చు.

దసరాలోపు రాజులకూ రాక్షసులకూ తూకం కుదరకపోతే, ఈ ఆట ఆపేసి అవే బొమ్మలతో పేకాట చేయిస్తానని మా యజమాని గిరీష్ గారు తేల్చి చెప్పారు. రెండేళ్ల నా కష్టం అది. నా రాజులు పేకముక్కల మీదికెక్కి కూర్చోవడం నేను చూడలేను. కాబట్టి మీ తిట్లు కూడా పనికొస్తాయి. రాక్షసుల బలం సగానికి తగ్గించి, రాజుల సైన్యాలు పెంచాను. ఆడి చెప్పగలరు.

భవదీయురాలు,
తనూజ

తా.క.: మీరు వేసే ప్రతి ఎత్తూ మా కంప్యూటర్‌కు చేరుతుందని మీరు సంతకం చేసిన కాగితంలో ఉంది. చదివే సంతకం పెట్టి ఉంటారు.


కోడూరు,
జూలై 24.

అమ్మాయి తనూజకు ఆశీస్సులు.

నా మనవరాలి వయసుంటుందని నువ్వు అంటున్నాను. మర్యాద తగ్గించడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి.

నీ రాక్షసులిప్పుడు తిరనాళ్లకొచ్చినట్టు వచ్చి, గట్టు దగ్గర నాలుగు దెబ్బలు తిని వెళ్లిపోతున్నారు. పని లేని రాజులు నలుగురూ నా మీద పడుతున్నారు. అదైనా సహిస్తాను. నిన్న ఎలాగో పసుపు రాజు గట్టు తెగింది. నేను నా సైన్యం మొత్తాన్నీ ఇసుక బస్తాలిచ్చి అక్కడికి పంపాను. వాళ్లు వాడి గట్టు పూడుస్తుంటే వాడొచ్చి నా రాజధాని పట్టుకున్నాడు.

వరదొస్తే గట్టు మీద పార్టీ లేదు, సరిహద్దు తగాదా లేదు. కోర్టులో కేసు నడుస్తున్న ఇద్దరు మనుషులు ఒకే బస్తాను చెరో మూలా పట్టుకుని మోయడం నేను కళ్లారా చూశాను. నీరు తీశాక మళ్లీ కోర్టుకెళ్లారు, అది వేరే సంగతి. ఈపాటి ఇంగితం లేనివాణ్ణి రాజును చేశావంటే, గుడివాడలో మీరెవరూ గట్టు మొహం చూడలేదన్నమాట.

ఇట్లు,
రాజ్యం పోయిన శోభనాద్రి

తా.క.: నా సైన్యం తిరిగొచ్చేసరికి వాడు నా సింహాసనం మీద కూర్చుని ‘శుభోదయం మిత్రమా’ అన్నాడు. ఆ మాట రాసిందెవరు?


గుడివాడ,
ఆగస్టు 2.

శోభనాద్రి గారికి నమస్కారాలు.

ఇది యుద్ధాల ఆటండీ. శత్రువు గట్టు పూడ్చడానికి సైన్యం మొత్తాన్నీ పంపిన ఆటగాడు మీరొక్కరే. మీ టాబ్లెట్ పాడైందని మొదట అనుకున్నాం. గిరీష్ గారైతే మీ ఉత్తరం నన్ను నిలబెట్టి పైకి చదివించుకుని మరీ నవ్వారు.

నాకు మాత్రం ఆ బస్తా మోసిన ఇద్దరూ మనసులోంచి పోలేదు. అందుకని మీ గట్టు ధర్మాన్ని ఆటలో పెట్టాను. రాక్షసులు రాగానే గంట మోగుతుంది. ఆ తర్వాత మూడు టర్నులు కంప్యూటర్ రాజులు నలుగురూ తగాదాలు ఆపి, ఎవరి గట్టు బలహీనంగా ఉంటే అక్కడికి వస్తారు. రాక్షసుల బలం మళ్లీ పెంచాను. ఆటగాడికి మాత్రం ఏ కట్టుబాటూ పెట్టలేదు. మీవంటివారికి ప్రత్యేకంగా చెప్పాలా?

భవదీయురాలు,
తనూజ

తా.క.: ‘శుభోదయం’ నేనే రాశాను. మిగతా తొమ్మిదిమందికీ నచ్చింది.


కోడూరు,
సెప్టెంబరు 5.

అమ్మాయి తనూజకు,

ఈసారి ఆశీస్సులు ఆపి ఉంచాను.

గంట పెట్టావు, బాగుంది. పద్నాలుగు ఆటలాడి పదకొండు గెలిచాను. గట్టు మీద అనుభవం ఊరికే పోదు. అంతా సవ్యంగా నడుస్తుంటే, మొన్న మంగళవారం ఆకుపచ్చ రాజును తీసేసి ఆ చోట తెల్ల రాజునొకణ్ణి పెట్టావు. వాణ్ణి ఎక్కడ పట్టుకొచ్చావు?

గంట మోగగానే అందరికంటే ముందు వాడే కదులుతాడు. గట్టు మీదికి ఇద్దరు ముసలి కత్తివాళ్లనూ, ఒక గాడిదనూ పంపుతాడు. మేమంతా రాక్షసులతో చస్తుంటే, మిగతా సైన్యంతో వెనకనుంచి మా కోటలు ఒక్కొక్కటే నొక్కేస్తాడు. వరసగా ఆరు ఆటల్లో నన్ను ముంచాడు. ఆకలేసి దొంగతనం చేసేవాణ్ణి క్షమిస్తాను. పదిమంది గట్టు కాస్తున్నప్పుడు వాళ్ల ఇళ్లు దోచేవాణ్ణి మా సీమలో మనిషి కింద లెక్కెయ్యరు. ఇటువంటి నీచుణ్ణి ఊహించడానికే ఒక బుద్ధి కావాలి. అది నీకుందని తెలిసి బాధపడుతున్నాను. వాణ్ణన్నా తీసెయ్, పరీక్షించేవాళ్లలోంచి నా పేరన్నా తీసెయ్.

శోభనాద్రి

తా.క.: ఆ గాడిదకు ‘సహాయం’ అని జెండా కూడా కడుతున్నాడు. వాడికి సిగ్గు లేదు సరే, కట్టించుకున్న గాడిదకైనా ఉండొద్దా?


గుడివాడ,
సెప్టెంబరు 12.

శోభనాద్రి గారికి నమస్కారాలు.

తెల్ల రాజును నేను ఊహించలేదండీ. గంట పెట్టాక మీరాడిన పద్నాలుగు ఆటలూ కంప్యూటర్‌కు ఇచ్చి, ఈయన ఆడినట్టే ఆడమన్నాను.

మొదటి ఆటలో మీ సైన్యమంతా గట్టు మీదే ఉంది. రెండో ఆటలో సగం ఉంది. మూడో ఆటనుంచి ఇద్దరు ముసలి కత్తివాళ్లూ, ఒక గాడిదా. మీ పదకొండు గెలుపుల్లోనూ కోటలన్నీ గంట మోగిన తర్వాత పట్టినవే. జెండా మీది అక్షరాలు కూడా మీరు వేలితో రాసినవే. అది చూసిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. మీ మాట నమ్మి నలుగురు రాజులకు గట్టు ధర్మం నేర్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కానీ తెల్ల రాజు వచ్చాక ఒక సంగతి జరిగింది. వాడి భయానికి మిగతా ముగ్గురూ గంట మోగినా సగం సైన్యాన్ని ఇంటి కాపలాకు ఉంచుకుంటున్నారు. దాంతో రాక్షసులు కొన్నిసార్లు గెలుస్తున్నారు, కొన్నిసార్లు ఓడుతున్నారు. రెండేళ్లుగా నాకు కుదరని తూకం అదే. ఆడేవాళ్లు తెల్ల రాజు మీద పగతో టాబ్లెట్ కింద పెట్టడం లేదు. గిరీష్ గారు పేకాట మాట మానేశారు. ఆట దసరాకు విడుదలవుతోంది.

భవదీయురాలు,
తనూజ

తా.క.: వాణ్ణి తీసేయడం కుదరదండీ. మీరు కోరినట్టు పరీక్షించేవాళ్లలోంచి మీ పేరు తీసేశాను. రాజుల్లో చేర్చాను.