కొత్తదానికి బొట్టు

ఏమండీ,

మీరు పోయాక మీ కుర్చీలో మన సరోజను కూర్చోబెట్టారు కదా, ఈ నెలంతా దాని గురించే నాకు నిద్ర లేదు. వర్క్‌షాప్ ఆఫీసు కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయించాలని పట్టుబట్టింది. "పాతది బాగానే నడుస్తోంది కదా బేటీ, పని ఆగితే జవాబు నువ్వే చెప్పాలి," అన్నారట మన హెడ్ క్లర్కు, బడే బాబు అప్పారావుగారు. ఉద్యోగం పోతుందే, ఊరుకోవే అని రోజూ బతిమాలాను. వినలేదు. దాని మాటే నెగ్గింది.

నిన్న వర్క్‌షాప్‌లో యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజకు నన్నూ తీసుకెళ్లింది. కంప్యూటర్లో మూడు పేజీల జాబితా నడుమ ఒక పేరు చేర్చి చూపించింది. కింది పేర్లన్నీ వాటంతటవే జరిగి, నంబర్లు కూడా మారాయి. ఒక్క పేరు మరిచిపోతే మీరు కార్బన్లు పెట్టి మొత్తం మళ్లీ టైపు కొట్టేవారు. రాత్రికి మీ వేళ్లకు నేను కొబ్బరినూనె రాసేదాన్ని.

"అమ్మా, దీనికి నువ్వే బొట్టు పెట్టు," అంది సరోజ.

"మీరెందుకు వదినగారూ, ముత్తైదువలున్నారు కదా," అన్నారు అప్పారావుగారు.

కుంకుమ భరిణె అందుకున్నాను. "ఆ కుర్చీ మా ఆయనది, కూర్చున్నది నా కూతురు," అని పెట్టేశాను.

బొట్టు వంకరగా పడింది. సరిచేయలేదు.

మీ
లక్ష్మి