వెయ్యికి ఒక పోగు తక్కువ

మెట్‌పల్లి,
14 సెప్టెంబరు 1961.

గౌరవనీయులైన లెక్కల సారు హనుమంతు గారికి, ఎనిమిదో తరగతి అనసూర్య నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

పరీక్షలో కాపీ కొట్టానని ఒప్పుకుని క్షమాపణ రాసిస్తేనే కరీంనగర్ హాస్టలుకు నా పేరు పంపుతానన్నారు. రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయను సార్.

370, 629ల గరిష్ఠ సామాన్య భాజకం అడిగారు. 37 అని ఒక్క ముక్క రాశాను. జవాబు తప్పని మీరూ అనలేదు. చేసిన వరుస ఏదీ, మగ్గం నేసేవాళ్ల పిల్లకు ఇంత తొందరగా ఎట్లా వస్తుంది అని తరగతి మొత్తం వినేలా అన్నారు.

వరుస ఇదిగో. మా అవ్వ ఐలవ్వకు చదువు రాదు, తీసివేత రాదు. మగ్గం మీద నిలువుగా సాగే పడుగుకు వెయ్యి పోగులు ఏనాడూ పోయదు. నిండ వెయ్యి పోస్తే మగ్గానికి దిష్టి తగుల్తది బిడ్డా అంటుంది. అందుకే మా ఇంట్లో తొమ్మిది వందల తొంభై తొమ్మిదే. వందలకు, పదులకు, ఒకట్లకు మూడు చిన్న మట్టి గురుగులు పెట్టి, ఒక్కోదాంట్లో తొమ్మిది చింతగింజలు వేస్తుంది. ఎర్రపోగులు 370 కావాలంటే వందల గురిగిలోంచి మూడు, పదుల గురిగిలోంచి ఏడు గింజలు తీస్తుంది. మిగిలినవి ఆరు, రెండు, తొమ్మిది. తెల్లపోగులు 629 అన్నమాట. ఏ సంఖ్య తీసుకున్నా, ప్రతి అంకెనూ తొమ్మిదికి నింపే అంకె గురిగిలో మిగులుతుంది.

ఎరుపునూ తెలుపునూ మిగలకుండా పంచే సంఖ్య, రెండూ కలిసిన 999ని కూడా పంచి తీరాలి. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు 27, దాన్ని 37తో గుణిస్తే 999. 370లో మూడు పోదు. 37 పదిసార్లు పోతుంది. ఇంతే సార్. దీనికి పలక నిండా భాగహారం ఎందుకు?

నమ్మకం లేకపోతే సోమవారం నన్ను అందరి ముందు నిలబెట్టి, మీకు తోచిన మూడంకెల సంఖ్య ఇవ్వండి. 999కి నింపే దాని జోడీ చెబుతాను, రెండింటి భాజకమూ చెబుతాను. తప్పితే బడి మానేసి ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటాను. తప్పకపోతే నా పేరు పంపాలి. సారుకు ఎదురు చెప్పకు, జర తగ్గు బిడ్డా అని అవ్వ బతిమాలుతోంది. నాకు చాలా కోపంగా ఉంది, తగ్గలేను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
అనసూర్య.

తా.క.: కాపీ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు సార్. పైన రాసిన వరుస ఈ రెండు రోజుల్లో నాకు నేను ఆలోచించుకున్నది. పరీక్ష రోజు మాత్రం చూసే రాశాను. పోయిన దసరాకు మీరు మా ఇంట్లో తువ్వాల కొని ఎన్ని పోగులని అడిగితే, ఎర్రయి మూడునూర్ల డెబ్బై, తెల్లయి ఆర్నూట ఇరవై తొమ్మిది సారూ అని అవ్వ చెప్పింది. మీరు నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ అంకెలనే పరీక్షలో ఇచ్చి, ఆ తువ్వాలనే భుజాన వేసుకుని మా బల్లల మధ్య తిరిగారు. దాని పడుగుకు అవ్వ పక్కన కూర్చుని, ఎరుపైనా తెలుపైనా చారకు ముప్పై ఏడేసి పోగులు లెక్కపెట్టి అందించింది నేనే. ఒకసారి విప్పి ఎర్రచారలు లెక్కపెట్టండి.