ఆయన పాటకు రెండో ఇల్లు

మంగళవారం, పదో తారీకు

అబ్బాయి దగ్గు తగ్గింది. కోడలి నడుం నొప్పి అలాగే ఉంది. గుణదలలో మా ఆడపడుచు రూతమ్మకు షుగర్ అదుపులోనే ఉందట. ఆవిడకేం, అన్నీ అదుపులోనే ఉంటాయి.

మొన్న ప్రార్థన కూటంలో హార్డ్ డిస్క్ చూపించి, "మా ఫొటోలన్నీ ఇందులో భద్రం వదినా" అంది. అప్పటినుంచి నాకు కుళ్ళుగానే ఉంది. పోయిన మా ఆయన పాడిన కీర్తనలు నా పాత ఫోన్‌లోనే ఉన్నాయి. అదేమో రోజూ ఆగిపోతోంది.

ఇవాళ అబ్బాయితో బెంజ్ సర్కిల్‌లో కంప్యూటర్ కొట్టుకి వెళ్ళి, రూతమ్మ దానికంటే పెద్ద డిస్క్ అడిగాను. కొట్టాయన నవ్వాడు. "పాటలకి చిన్నది చాలు మామ్మగారూ, మూడేళ్ళ గ్యారంటీ ఉంది. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి" అన్నాడు. చిన్నదే కొన్నాం. ఇంటికొచ్చి అబ్బాయి పాటలన్నీ అందులోకి ఎక్కించాడు.

వేరే ఇల్లంటే రూతమ్మ ఇల్లే. ఆయన గొంతు కూడా ఆవిడ బీరువాలోకే పోవాలా? సాయంత్రమంతా మనసొప్పలేదు. ఇదీ పాడైతే ఎలాగని భయమేసి, చివరికి రూతమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మా అన్నయ్య గొంతు ఇన్నాళ్ళూ మీరొక్కరే వింటున్నారా వదినా?" అంది.

ఆవిడకీ నా మీద కుళ్ళు ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఆదివారం, పదిహేనో తారీకు, ఆరాధన అయ్యాక డిస్క్ తీసుకుని గుణదల వస్తానని, పాటలు ఆవిడ దాంట్లోకి కూడా ఎక్కిద్దామని చెప్పాను.