పాకాల తీగకు రెండు కడవలు

1946 మే 6, సోమవారం

ఏడో జాడీ. రెండు తీగల కొసలూ నాలుక మీద పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఎనిమిదో జాడీ... అదీ లేదు.

ఇరవై ఏళ్లుగా ఈ స్టేషనులో తంతి యంత్రానికి కరెంటు ఇచ్చే జాడీలకు నవాసారం ఉప్పు నీళ్లు పోసేది నేనే, వాటిలో బలం ఉందో లేదో నాలుకతో చూసేదీ నేనే. బలం ఉంటే చురుక్కుమని పులుపు తగలాలి. రెండూ ఒకేసారి చచ్చాయా? సిగ్నలరు రాఘవులు వచ్చి సరదాకు తన నాలుకకు తగిలించుకున్నాడు. ఎగిరిపడ్డాడు. "అబ్బా! చింతకాయ కొరికినట్టు ఉండాది గదా తాతా!"

నేనూ నవ్వాను. జాడీలు బాగున్నాయి.

మే 7

చారులో పులుపు లేదన్నాను. నా భార్య మునెమ్మ గరిటె పట్టుకుని నా మొహం చూసింది. "ఇంత చింతపండు ఏసినాను. నీకేమైనాది?"

ఏమీ లేదన్నాను. నాలుక రుచి పోయింది. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా అనకూడదు.

మే 9

తంతి మీద పాకాల స్టేషను నుంచి వచ్చే టక్కుటక్కు సన్నబడింది. రాఘవులు యంత్రానికి చెవి ఆనించి వింటున్నాడు. "నీ జాడీల్లో పస లేదు తాతా." నాలుకకు తీగలు ఆనించి, "బాగుండాయప్పా" అన్నాను. ఏమీ తెలియకుండా అన్నాను.

పగలంతా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు.

మే 11, శనివారం

కాట్పాడి నుంచి ఇన్‌స్పెక్టరు. చేతిలో అద్దం మూత పెట్టె, లోపల సూది. ఒక్కో జాడీకి ఒకటిన్నర ఓల్టు చూపించింది. "తోసే బలం ఇది. పారేది ఆంపియరు. అడ్డం పడేది ఓము. తెలిసినాదా పెద్దాయనా?" తల ఊపాను. మరిచిపోకుండా రాసుకుంటున్నాను — ఓల్టు, ఆంపియరు, ఓము.

తర్వాత ఒక్కో జాడీకి కరెంటు గంట తగిలించి మోగించి చూశాడు. రెండు జాడీల దగ్గర సూది జారిపోయింది. "ఊరికే ఉంటే నిండుగానే సూపిస్తాయి. పని పెడితే బయటపడతాయి." వాటిని తీయించాడు.

"ఇన్నాళ్లూ ఎట్ల సూస్తా ఉండావు?"

రాఘవులు అందుకున్నాడు. "నాలికతోనయ్యా! ఈ తాత నాలిక ముందర మీ సూది యాడ పనికొస్తాది?" అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "వచ్చే శనివారం వస్తా. నా ముందర సూపించు. తేడా చెప్పలేకపోతే ఈ పనికి మనిషెందుకు, సూది చాలు."

పని పోతే స్టేషను వాళ్లిచ్చిన ఈ ఇల్లూ పోతుంది. మునెమ్మకు చెప్పలేదు.

మే 13

కొత్త జాడీలు రెండు. అవి కాక ఇంకో నాలుగు వరసలో కలిపారు కాట్పాడి మనుషులు. వాళ్లు తెచ్చిన పెట్టెలో సూది బాగా ముందుకు పోయింది. పాకాల మాట మాత్రం సన్నగానే. లైను ఖాళీ అన్న కబురు వినపడక తిరుపతి పాసింజరు గంట సేపు ఆగిపోయింది. గార్డు తిట్లు.

ఓల్టు ఉంది. ఆంపియరు లేదు. అయితే ఓము ఎక్కడ?

మే 14

తీగ కిందే నడిచాను, చివరి సిగ్నల్ దాటేదాకా. తెగలేదు. ముడులు గట్టిగానే ఉన్నాయి. తిరిగొచ్చి బావి వెనక కూలబడ్డాను. చెయ్యి ఆనిస్తే మట్టి పొడి పొడి...

ఇక్కడే. పాకాలకు పోయే తీగ ఒక్కటే; తిరిగొచ్చేది నేల గుండా. ఆ నేలను తీగతో కలిపే రాగిరేకు ఈ మట్టి కింద పూడ్చి ఉంది. రోజూ దీని మీద కడవ నీళ్లు పోసేవాణ్ణి. బావి అడుగంటాక, తాగడానికి తప్ప చుక్క ముట్టొద్దన్నాడు స్టేషను మాస్టరు. మానేశాను. నేల ఎండితే దారి మూసుకుపోతుందని ఆయనతో అనలేదు.

మే 15

ఇంటి నుంచి రెండు కడవలు. కరెంటు బాగా పారడానికి గుప్పెడు ఉప్పు. మునెమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "తాగే నీళ్లు మట్టిలో పోస్తావా? మతి పోయినాదా?"

రాగిరేకు మీద పోశాను. కాసేపటికి యంత్రం గట్టిగా టకటకమంది. లోపలి నుంచి రాఘవులు కేక — "కొత్త జాడీలు పట్టుకున్నాయి తాతా!"

ఖాళీ కడవ చేతిలోనే ఉంది.

మే 17

మళ్లీ సన్నబడింది. మళ్లీ ఒక కడవ. "పోయి మాస్టరుకు చెప్పు" అంటుంది మునెమ్మ. నాలుక సంగతీ కనిపెట్టేసింది. నిన్న చారులో చింతపండే వేయలేదట. నేను బాగుందన్నాను.

మే 18, శనివారం

ఇన్‌స్పెక్టరు రెండు జాడీలు ముందు పెట్టాడు. ఒకటి మంచిది, ఒకటి చచ్చింది. "కానీ పెద్దాయనా."

అది... ఇది... నాలుక మీద రెండూ వట్టి రాగి తీగలే. ఇన్‌స్పెక్టరు వెనక నుంచి రాఘవులు కళ్లతో ఎడమ జాడీ చూపించాడు. చూడనట్టే ఉన్నాను.

"నాలిక పోయిందయ్యా." తీగలు కింద పెట్టాను. "తప్పు జాడీలది కాదు. నేలది. నీళ్లు కావల్ల."

బావి వెనక్కి తీసుకుపోయాను. వంగి మట్టి తడిమాడు. పెట్టె తగిలించి సూది చూశాడు, నన్ను చూశాడు. "ముందే ఎందుకు చెప్పలా?"

తిరిగొచ్చి ఇంగ్లీషులో కాగితం రాశాడు, పాకాల మీదుగా కాట్పాడికి తంతి కొట్టమని రాఘవులుకు ఇచ్చాడు. రాఘవులు చాలా సేపు కొట్టాడు. ఒక్కో దెబ్బా విడివిడిగా, స్పష్టంగా... నా గురించే. నాకు ఆ భాష రాదు. మధ్యలో రాఘవులు తలెత్తి నన్ను చూసి, దించుకున్నాడు.

జవాబు ఇంకా రాలేదు. నేల ఆరితే వచ్చినా వినపడదు. కడవ తీసుకుని పోతున్నాను.