చేటెడు తవుడు

రాయపూరు,
ఆగస్టు 1953.

అమ్మ పాదాలకు మొక్కి రాసేది. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న దానయ్య మావయ్యా, ఈనబోయే మన గేదే సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకి తింటున్నాను. వానల్లో తిరిగి కాళ్లు ఒరిశాయి గాని జ్వరం రాలేదు. నర్సన్నది రైల్వే ఆస్పత్రిలో ఉండక ఇంటింటికీ తిరగడమేమిటని మావయ్య అడిగాడట. పసిపిల్లలు నడిచి రాలేరు కదా మావయ్యా, అందుకని మేమే వెళతాం. డాక్టరమ్మ, శానిటరీ ఇన్‌స్పెక్టరు మల్లేశ్వరరావుగారు, ఇక్కడి మంత్రసాని దుకల్‌హీన్ బాయి, నేను. నలుగురం నాలుగు చేతులేస్తే గాని ఒక ఇల్లు దారికి రాదు.

ఆ నాలుగు చేతులూ ఒకేసారి వేసి, ఈమధ్య ఒకచోట బోల్తా పడ్డాం. రైల్వే లైనిళ్లలో పరదేశి, దాలమ్మ అని మనవైపు వాళ్లే ఉన్నారు. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టాడని తెలిసి అందరం జీపులో దిగాం. దాలమ్మ అత్త బంగారమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏటమ్మా, నలుగురికి నలుగురూ జీపేసుకుని దిగిపోనారు? నా కొడుకు బొగ్గు దొంగిలించినాడేటి?" అని తలుపేసేసుకుంది.

లోపల ఏం జరుగుతోందో దుకల్‌హీన్ కుళాయి దగ్గర కూపీ లాగింది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయిస్తున్నారు. బిడ్డకి ఆముదమే గతి. పొట్ట ఉబ్బింది, గాజు కాల్చి వాతలు పెడతారట. ఆ మాట విని నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ పోలీసుల్ని పిలుస్తానంది.

"సబ్బో ఝన్ మత్ జావ, బాయి," అంది దుకల్‌హీన్. అందరూ వెళ్లొద్దు, మీవాళ్లే కదా, నువ్వొక్కదానివే వెళ్లమంది.

వెళ్లాను. మందుల సంచీ తీసుకెళ్లలేదు. చేటలో తవుడు పోసుకుని వెళ్లాను.

"అత్తా, ఈ గుంటడు నిలవాలంటే అమ్మెయ్యాలి గదా. నాకు అమ్ముతావా?"

బంగారమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు కొంటావేటే, అమ్మా?" అంటూనే బావురుమంది. గడప మీదే బిడ్డని నా ఒళ్లో పెట్టింది. తవుడు ఆమె కొంగులో పోశాను.

"వీడింక నా బిడ్డ. నా బిడ్డకి ఇప్పుడే తల్లిపాలు పట్టాలి. వాత పెట్టారో, ఊరుకోను. వీణ్ణి చూడ్డానికి నావాళ్లొస్తారు, తలుపు తియ్యాలి."

అమ్మేసిన బిడ్డ మీద మాట ఎవరికి చెల్లుతుంది? దాలమ్మ ఏడుస్తూనే రొమ్మిచ్చింది. ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మందిచ్చింది. మల్లేశ్వరరావుగారు గుమ్మం ముందు మురుగు తీయించారు. గుంటడు ఇప్పుడు నిండుగా ఉన్నాడు. లైనులో కడుపుతో ఉన్నవాళ్లు ఇద్దరు నాతో అప్పుడే తవుడు బేరం పెట్టారు!

ఇక దాచిపెట్టిన మాట. మావయ్యా, మంచినీళ్లు తాగి చదువు. నువ్వు అంతమంది కాళ్లావేళ్లా పడి వేయించిన విజయనగరం బదిలీ నాకొద్దని చెప్పేశాను. కోప్పడితే కోప్పడు, నేను మాత్రం కదలను.

అమ్మా, నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని నన్ను తవుడుకి పక్కింటి చిన్నమ్మకి అమ్మావు. ఆవిడ బతికున్నన్నాళ్లూ పొద్దున్నే వచ్చి నా ఒళ్లు తడిమి చూసి గాని పొయ్యి రాజేసేది కాదు. నన్ను కొన్నాక ఆవిడ ఏనాడైనా ఊరు విడిచి వెళ్లిందా? నువ్వే చెప్పు.

ఇట్లు,
నువ్వు అమ్ముకుని దక్కించుకున్న కూతురు,
తవుడమ్మ.