నాన్న పేరు కొట్టేసిన చేతితో

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు రాసేది. అమ్మ కులాసా. మా ఆయన, పిల్లలు కులాసా. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైంది తీరిక లేక కాదు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

అమ్మ దగ్గు గురించి అడిగావు. మందుల షాపులో సిరప్ దొరకలేదు, ఆవిరి పట్టించే తగ్గించాను. కిటికీ అద్దాలు రెండు పోయాయి, అట్టముక్కలు అంటించాం. నాన్న కుట్టుమిషన్ ఎవరికీ ఇవ్వొద్దన్నావు. ఇవ్వలేదు. అమ్మ రోజూ దాని మీద దుమ్ము తుడిచి, నూనె కూడా వేస్తోంది, రేపో మాపో ఆయన వచ్చి కూర్చుంటారన్నట్టు.

"నాన్న చివర్లో నన్ను తలుచుకున్నారా?" అని అడిగావు. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పలేను. కాస్త ముందు నుంచి చెప్పనీ.

మా డయాలసిస్ వార్డులో ఎనిమిది మెషిన్లుండేవి. యుద్ధం మొదలైన మూడో నెలలో నాలుగు సైనిక ఆసుపత్రికి వెళ్లిపోయాయి. వెంటనే మీ ఆరోగ్యశాఖ నుంచి నీ సంతకంతో కాగితం వచ్చింది. అరవై అయిదు నిండినవారికి ఇకపై డయాలసిస్ లేదు, ఎవరికీ మినహాయింపు లేదు. హెడ్ నర్సుని కాబట్టి జాబితా నా చేతిలోనే ఉంది. నాన్నకు అరవై ఆరు.

మా డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "పుట్టిన ఏడాదిలో ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది కదమ్మా. ఎవరు చూడొచ్చారు?" అన్నారు.

"మా అన్నయ్య పెట్టిన రూలు సార్. మా ఇంట్లోనే దాన్ని తప్పితే, బయట నిలబడ్డవాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాను.

ఆ రోజు పదకొండు పేర్లు కొట్టేశాను. మొదటిది నాన్నది. ఆ చోటు ఒక స్కూలు బస్సు డ్రైవరుకు దక్కింది. అతనికి మూడు నెలల పాప. ఇప్పటికీ మంగళవారం, శుక్రవారం వస్తాడు. అతన్ని చూస్తే నాకు కోపం రాదు. ఎనిమిది మెషిన్ల జనం నాలుగింటి మీద పట్టరు కదా. రూలు తప్పని నేను ఇప్పటికీ అనడం లేదు.

పోయిన వారం మెషిన్లు బాగుచేసే మెకానిక్ వచ్చాడు. వార్డులో అందరం అతన్ని స్పానర్ అంటాం. వస్తూనే జోకులు మొదలుపెట్టే మనిషి, ఈసారి టీ కూడా ముట్టలేదు.

"మన మూడో నంబరు మెషిన్ రాజధానిలో కనిపించింది సిస్టర్. పక్కన నేను అంటించిన ప్లాస్టర్ కూడా అలాగే ఉంది. దాని మీద సైనికులెవరూ లేరు. డెబ్భై రెండేళ్ల పెద్దావిడ. వారానికి మూడుసార్లట!"

"ఎవరావిడ?"

"అదిగో, ఆ గోడ మీది కాగితం కింద సంతకం పెట్టాడే, ఆయనగారి అత్తగారట. ప్రత్యేక అనుమతి ఆయనే ఇచ్చుకున్నాడట."

నువ్వు నాకు అన్నవని అతనికి తెలియదు. మూడో నంబరు మీద నాన్న పడుకునేవారని మాత్రం తెలుసు.

నేను నమ్మలేదు. ఆఫీసు ఫోన్ నుంచి వదినతో మాట్లాడాను. ఆవిడ దాచలేదు. "మా అమ్మని చావనిమ్మంటావా? ఆయన ఎంత నలిగిపోయి చేశారో నీకేం తెలుసు?" అంది. అనుమతి తేదీ అడిగితే అదీ చెప్పింది. నేను నాన్న పేరు కొట్టేసిన మర్నాడు.

ఇక నేను దాచింది చెబుతాను. నాన్నకు నేను నిజం చెప్పలేదు. మెషిన్ చెడిపోయిందన్నాను. తొమ్మిది రోజులూ నమ్మారు. కాళ్లు ఉబ్బి, ఊపిరి అందక, దిండుకు ఆనుకుని కూర్చుని, "అన్నయ్యకు ఒక్క ముక్క రాయి తల్లీ. వాడు తలుచుకుంటే ఓ మెషిన్ పంపించలేడా?" అని రోజూ అడిగేవారు. "రాశాను నాన్నా, వస్తుంది" అనేదాన్ని. రాయలేదు. రాస్తే నువ్వు కాదనలేవని, నీ మాట నీ చేతే తప్పించినదాన్నవుతానని భయపడ్డాను. నాన్న ప్రాణం కంటే నీ నిజాయితీనే పదిలంగా కాపాడాను అన్నయ్యా. అప్పటికే అది నీ దగ్గర లేదు.

తలుచుకున్నారా అంటే, తలుచుకున్నారు. నువ్వు పంపించే మెషిన్ కోసం ఆఖరి రోజు వరకు వీధి గుమ్మం వైపే చూశారు.

మీ అత్తగారిని దించేయమని నేను అడగను. నర్సునై ఉండి ఆ మాట అనలేను. కానీ మొన్ననే అరవై అయిదు నిండిన లెక్కల టీచరమ్మ పేరు నిన్న కొట్టేయాల్సింది. కొట్టేయలేదు. నీ కాగితం, ఆ అనుమతి తేదీ రెండూ ఆసుపత్రి కమిటీ ముందు పెట్టి, పెట్టినవాడికే పట్టని రూలు నా చేత్తో అమలు చేయనని చెప్పి, జాబితా వాళ్లకిచ్చి వచ్చేశాను. నీ ఉద్యోగం ఏమవుతుందో, నాది ఏమవుతుందో తెలియదు. టీచరమ్మ దక్కుతుందనీ చెప్పలేను.

అమ్మకు ఇవేవీ తెలియవు. నేను చెప్పను. నువ్వే వచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పు. ఇది రాస్తుంటే ఇప్పుడే నా పక్కకు వచ్చి, "ఆ పని గొడవలో పడి వాడు వేళకు తింటున్నాడో లేదో, తినమన్నానని రాయి" అంది.

రాశాను.

ఇట్లు,
నిన్ను నమ్మిన
చెల్లెలు